జవాబు చెప్పినవాళ్లే కొట్టాలి

పదో తరగతిలో నేను చదివింది కొట్టడానికి.

ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరైనదాన్ని. పెళ్లిళ్లలో ముందు వరసలో కుర్చీ వేస్తారు, పాత విద్యార్థులు కాళ్లకు దండం పెడతారు. ఇలాంటి మనిషి ఇలాంటి మాట అంటే వేళాకోళం అనుకుని నవ్వుతారు. నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మార్కుల మీద ఆశ ఉండేది, ర్యాంకు మీద ఆశ ఉండేది, కాదనను. కానీ పొద్దున్నే దుప్పటి తన్ని లేచేటప్పుడు నా కళ్ల ముందు మెదిలేవి గోడ వారగా వరసగా నిలబడిన చెంపలు.

మాది కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. మా నాన్న గని టైమాఫీసులో కార్మికుల హాజరు రాసే గుమాస్తా. నేను చదివింది తెలుగు మీడియం హైస్కూలు. క్లాసులో సగం మంది లోపలికి దిగే కార్మికుల పిల్లలు, మిగతావాళ్లు మాలాంటి గుమాస్తాల, టీచర్ల పిల్లలు. మా సైన్సు మాస్టారు చిత్తూరు వైపు నుంచి వచ్చినవాడు. ఆయనకు బెత్తం ఉండేది కానీ దాన్ని బల్ల మీద పడుకోబెట్టేవాడు. ఆయన పద్ధతి వేరు.

పాఠం చెప్పిన మర్నాడు మగపిల్లల్ని, ఆడపిల్లల్ని కలిపి గోడ వెంట నిలబెట్టేవాడు. ఒక ప్రశ్న వేసి, వరసలో మొదటివాళ్ల నుంచి "నువ్వు చెప్పు, నువ్వు చెప్పు" అంటూ వేలు చూపిస్తూ పోయేవాడు. జవాబు చెప్పినవాళ్లు వెనక్కి నడుచుకుంటూ పోయి, చెప్పలేకపోయిన ప్రతి ఒక్కరినీ కొట్టాలి. ఎడమ చేత్తో ముక్కు పట్టుకోవాలి, కుడి చేత్తో చెంప మీద కొట్టాలి. ముక్కు పట్టుకోవడం ఎందుకంటే ఎదుటివాళ్లు తల తిప్పుకోకుండా, దెబ్బ సరిగ్గా చెంప మీదే పడేలా. మెల్లగా కొడితే ఆయన ఊరుకోడు. దగ్గరికి పిలిచి, "ఎట్ల కొట్టల్లనో నేను చూపిస్తాను రా" అని ఆ కొట్టినవాళ్ల చెంప మీదే చూపించేవాడు. ఒకసారి ఒక అమ్మాయి తన స్నేహితురాలి చెంపను తాకీ తాకనట్టు తాకించింది. ఆయన చూపించిన దెబ్బకు ఆ పిల్ల పెదవి చిట్లి నెత్తురు గౌను మీద పడింది. ఆ తర్వాత మా క్లాసులో ఎవరూ మెల్లగా కొట్టలేదు.

"నేను కొడితే మీకు రోషం రాదురా" అనేవాడు మాస్టారు. "పక్కనోడు కొడితే వస్తుంది. ఆడపిల్ల కొడితే ఇంగా బాగా వస్తుంది."

రోషం ఒక్కొక్కరికి ఒక్కో రకంగా వచ్చింది. ఒక అమ్మాయి ప్రతి జవాబునూ పదేసి సార్లు రాసుకుని వచ్చేది, మధ్య వేలి మీద సిరా మచ్చ పోయేదే కాదు. ఇంకొకడు రోజూ కుమ్ములాడి వరసలో చివరికి పోయేవాడు. ప్రశ్న తన దాకా వచ్చేలోపు ఎవరో ఒకరు జవాబు చెప్పేస్తారని వాడి లెక్క. చాలా రోజులు ఆ లెక్క తప్పలేదు కూడా. ఒకడైతే సైన్సు పీరియడ్ ఉన్న రోజు బేతమంగళ బస్సెక్కి చెరువు కట్ట మీద తిరిగి సాయంత్రం పుస్తకాల సంచితో ఇంటికి చేరేవాడు. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో తీరున నేర్చుకుంటారని, ఒకరు చూసి, ఒకరు విని, ఒకరు చేత్తో చేసి నేర్చుకుంటారని, తర్వాత టీచర్ ట్రైనింగులో మాకు పెద్ద పాఠమే చెప్పారు. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులు వచ్చాయి. మా మాస్టారికి మాత్రం అందరికీ చెంప ఒక్కటే దారి.

నాది బట్టీ. నడుస్తూ, గట్టిగా చదవాలి. నాలుగు సార్లు నోటితో చెప్పానంటే ఇక అది నాదే. బట్టీ అని నన్ను తక్కువ చేసి మాట్లాడే టీచర్లు తర్వాత చాలామంది తగిలారు. వాళ్ల తెలివి వాళ్లది. నాకు అప్పుడు తెలిసింది ఒకటే. తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల్లో నాకు రెండో ర్యాంకు వచ్చింది. నాన్న ఆఫీసు నుంచి తెచ్చుకున్న రూళ్లకర్రతో నా మోకాళ్ల కింద కొట్టాడు, ఎముక మీద. అమ్మ అడ్డం వస్తే అమ్మకూ ఒకటి తగిలింది. "గుమాస్తా కూతురు గుమాస్తా పెండ్లామై చావాల్నా?" అని అరిచాడు. గనులు ఎల్లకాలం ఉండవని ఆఫీసులో కాగితాలు చూసే ఆయనకు తెలుసు. నన్ను ఈ ఊరు దాటించాలని ఆయన పట్టుదల. మంచి పట్టుదలే. దాన్ని నా కాళ్ల మీద రాశాడు, అంతే.

ఇంట్లో తిన్నదాన్ని నేను క్లాసులో పంచాను. వరస వెంట నడిచేటప్పుడు నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెబితే ఇప్పుడు సిగ్గేస్తుంది. అరచేయి చుర్రుమనేది. నాకంటే పొడుగైనవాళ్లు, నన్ను దారిలో వెక్కిరించేవాళ్లు, నా ముందు ముక్కు అప్పగించి నిలబడేవాళ్లు. పది మందిని కొట్టిన రోజు నాకు అన్నం బాగా సయించేది.

ఆ వరసలో ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్ల తాత కాలంలో ఆంధ్రా పల్లె నుంచి గనిలో పనికి వచ్చిన కుటుంబం. తండ్రి లోపల రాతికి బెజ్జాలు వేసే మెషీన్ పట్టేవాడు. అబ్బాయి ఆరడుగులకు కాస్త తక్కువ, చేతులు పలుగులు పట్టినవాడి చేతుల్లా ఉండేవి. పుస్తకం తెరిస్తే మాత్రం చంటిపిల్లాడే. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, కళ్లు చిట్లించి, చెమట పట్టి, ఒక వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేవాడు. అలాంటి పిల్లల్ని ఏమంటారో, ఏం చేయాలో ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. మొద్దు అన్నారు, నేనూ అన్నాను. సైన్సు క్లాసులో ఏ ప్రశ్న వేసినా అతను నోరు విప్పేవాడు కాదు. కాబట్టి రోజూ నా చేతి దెబ్బ తినేవాడు. నేను పొట్టిదాన్ని, ముక్కు నాకు అందేలా కొంచెం వంగేవాడు. ఆ వంగడం నాకు గౌరవంలా అనిపించేది.

అతనికి ఏం కావాలో క్లాసులో అందరికీ తెలుసు. గని వర్క్‌షాపులో ఫిట్టర్ అప్రెంటిస్. దానికి పదో తరగతి పాసవ్వాలి, తర్వాత గని ఆసుపత్రిలో మెడికల్ పాసవ్వాలి. వర్క్‌షాపు పైన ఉంటుంది, ఎండలో, గాలిలో. అతని తండ్రి రాతి దుమ్ము మింగి మింగి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే స్థితికి వచ్చాడు. "నా కొడుకు లోపలికి దిగకూడదు" అని ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. నేను ఊరు దాటాలి, అతను నేల పైనే ఉండాలి. మా ఇద్దరికీ పరీక్ష ఒకటే.

నేను పొద్దున బడి తెరవకముందే వచ్చి వరండాలో అటూ ఇటూ నడుస్తూ చదివేదాన్ని. ఇంట్లో నాన్న పేపరు చదువుతుంటాడు, గట్టిగా చదవనివ్వడు. ఆ అబ్బాయి కూడా తొందరగా వచ్చేవాడు. మెట్ల మీద కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటూనో, సైకిలు చెయిను బాగు చేస్తూనో ఉండేవాడు. పుస్తకం తీసేవాడు కాదు. మొద్దుకు ఇంట్లో చోటు లేక ఇక్కడికి వస్తాడేమో అనుకునేదాన్ని. నేను అతనితో మాట్లాడేదాన్ని కాదు. అతనూ పలకరించేవాడు కాదు, కొట్టేవాళ్లతో ఎవరు మాట్లాడతారు.

ఒకరోజు పాఠం ఖనిజం నుంచి లోహం తీసే దశలు. రెండు సార్లు చదివి, పుస్తకం మూసి, చెప్పుకుంటున్నాను. "మొదటిది సాంద్రీకరణ, రెండోది భర్జనం, మూడోది... మూడోది..." ఎంతకీ రాదు. పుస్తకం తెరవకుండా గుర్తు తెచ్చుకోవాలని నా పంతం. కాలు నేలకేసి కొట్టాను.

"క్షయకరణం" అన్నాడు మెట్ల మీద నుంచి. తల ఎత్తలేదు. "నాల్గోది శుద్ధి. బొగ్గుతో కలిపి కాలిస్తే ఆక్సిజన్ పోతాది, లోహం మిగులుతాది. అదే క్షయకరణం."

నేను నిలబడిపోయాను. "నీకెట్లా తెలుసు?"

"నువ్వు రెండు తూర్లు చదివితివి గదా."

"విన్నదంతా వచ్చేస్తుందా నీకు?"

"చూసింది నిలవదు. విన్నది యాడికీ పోదు." చెయిను పళ్లకు తగిలిస్తూ మామూలుగా చెప్పాడు. "నిన్న పాఠం చెప్పాల్నా? మొన్నటిది?"

చెప్పాడు కూడా. అక్షరం పొల్లుపోకుండా, నేను దమ్ము తీసుకునే చోట తనూ ఆగుతూ. అప్పుడు అర్థమైంది, అతను మెట్ల మీద కూర్చునేది ఎందుకో. అతనికి పుస్తకం నా గొంతే. మూడు నెలలుగా నేను నడుస్తూ చదివిందంతా అతని తలలో ఉంది.

"మరి క్లాసులో ఎందుకు చెప్పవు? తెలిసి కూడా రోజూ దెబ్బలు తింటావా?"

"చెప్తే కొట్టల్ల గదా" అన్నాడు. "నా పక్కన నిలబడేది మా మేనమామ కొడుకు. వానికి ఆవల ఉండే పిల్లోనికి నాయిన పోయి ఇంగా ఆరు నెల్లు కాలేదు. వాళ్ల చెంపలు నేనెందుకు వాయించేది? తినేది నాకు అలవాటే. మా నాయిన కంటే నువ్వు గట్టిగా కొడతావా ఏంది?"

అప్పుడు అతను మొదటిసారి తలెత్తి నా వైపు చూశాడు.

"నీకు ఇష్టం గదా కొట్టేది. నువ్వే కొట్టు."

ఎగతాళి లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. నాకు కావలసింది నాకు వదిలేస్తున్నట్టు, పిల్లకు మిఠాయి ఇస్తున్నట్టు అన్నాడు. నా ముఖం భగ్గుమంది. ఫస్టు ర్యాంకు నాది, నేను నడుం వంచి సంపాదించింది అనుకుంటున్నాను. ఈ మొద్దు పెట్టిన భిక్షా అది? పైగా నేను కొట్టడం ఇష్టపడతానని వీడికి తెలుసు. మూడు నెలలుగా ముక్కు పట్టుకున్న ప్రతిసారీ నా ముఖం చూస్తూ ఉన్నాడు. ఆ కోపాన్ని ఇప్పటికీ తలచుకోగలను, చేతి వేళ్లలోకి వస్తుంది.

మధ్యాహ్నం సైన్సు పీరియడ్‌లో మాస్టారు అదే ప్రశ్న వేశాడు. మొదటివాడు తెలియదన్నాడు. రెండోవాడు, అతని మేనమామ కొడుకు, సాంద్రీకరణ దగ్గరే ఆగిపోయాడు. మూడోవాడు అతను. చెప్పు, అని మనసులో అరిచాను. నీకు తెలుసు, నువ్వు చెప్పు, నేను నీ తర్వాత నిలబడ్డాను, నన్ను గెలవనివ్వకు. అతను గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. వేలు నా వైపు వచ్చింది. నాలుగు దశలూ గడగడా చెప్పేశాను.

"ఊఁ, పో" అన్నాడు మాస్టారు.

అతను నాకు పక్కనే కాబట్టి మొదటి దెబ్బ అతనిదే. ఎప్పటిలాగే కొంచెం వంగాడు. సరిగ్గా అప్పుడు నేల కింద ధన్‌మని అదిరింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి, పై కప్పు నుంచి సున్నం రాలింది. మాకు కొత్త కాదు అది. లోపల ఎక్కడో రాయి పగిలినప్పుడల్లా ఊరు అలా ఒకసారి ఉలిక్కిపడుతుంది. ఏర్ బ్లాస్టు అంటాం. మాస్టారు, "ఏమీ లేదు, కానీ" అన్నాడు. తండ్రులు లోపల ఉన్న పిల్లలు మాత్రం కిటికీ వైపు చెవి పెట్టారు, సైరను మోగుతుందేమోనని. అతనూ తల అటు తిప్పాడు. ఎడమ చెవి నాకు ఎదురుగా వచ్చింది.

నేను ముక్కు పట్టుకోలేదు. అంత కోపంలో ఎడమ చెయ్యి లేవనే లేదు. కుడి చెయ్యి మాత్రం లేచింది. అతను తల తిప్పడం నేను చూశాను, చెయ్యి ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. ఆగవచ్చు. ఆగలేదు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి చెవి మీద కొట్టాను.

కాగితం సంచి పగిలిన చప్పుడైంది. అతను అరవలేదు, మోకాళ్ల మీద కూలి, చెవిని అరచేత్తో మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి సన్నగా నెత్తురు వచ్చింది. సైరను మోగలేదు. మాస్టారు, "శభాష్, కొడితే అట్ల కొట్టల్ల" అన్నాడు. నేను మిగతా ఇద్దరినీ కూడా కొట్టి నా చోటికి వచ్చి నిలబడ్డాను.

ఇంట్లో అతను క్రికెట్ బంతి తగిలిందని చెప్పాడట. ఈ సంగతి అతని మేనమామ కొడుకే నాకు చెప్పాడు. వాళ్లమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా చెవిలో పోసింది. చెవిపోటుకు అందరిళ్లలోనూ అదే వైద్యం, మా ఇంట్లోనూ అదే. పగిలిన చెవిలో నూనె పోయకూడదని ఆమెకు ఎవరు చెప్పాలి? చెవి పగిలిందని చెప్పవలసినదాన్ని నేను. వారం తిరిగేసరికి చీము పట్టింది. దూది పెట్టుకుని వచ్చేవాడు, పక్కన కూర్చున్నవాళ్లు వాసనకు ముక్కు మూసుకునేవారు. తండ్రి ఇది వీధి కొట్లాటలో తగిలించుకొచ్చిన దెబ్బ అనుకున్నాడు. బంతి కథ నమ్మలేదు. నిజం చెప్పమని బెల్టుతో కొట్టేవాడట. అబ్బాయి వీపు మీద వాతలు నేను చూశాను, చొక్కా చెమటకు అంటుకున్నప్పుడు. చూసి, పుస్తకంలోకి తల దించుకున్నాను.

పొద్దున మెట్ల మీదికి అతను రావడం మానేశాడు. నేను మాత్రం అదే వరండాలో నడుస్తూ, ఇంకా గట్టిగా చదివేదాన్ని. గోడ అవతల ఎక్కడైనా ఉంటే వినపడుతుందని ఆశ. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఇంత పొగరున్నదాన్ని, క్షమించు అనే ఒక్క మాట నోటికి రాలేదు.

పరీక్షలు రాశాం. నాకు ఫస్టు క్లాసు. అతను ఎలా రాశాడో ఏమో, చావు తప్పి పాసయ్యాడు. ఆ పాసు విని నేను ఎంత ఏడ్చానో అమ్మకు తెలుసు, నా రిజల్టు చూసి సంతోషంతో ఏడుస్తున్నానని అనుకుంది.

ఆ తర్వాత ఒక సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. నేను వడ్డిస్తున్నాను.

"మీ క్లాసు పిల్లోడంట ఒకడు, అప్రెంటిస్ మెడికల్‌లో పోయినాడు" అన్నాడు. "డాక్టరు వెనక నిలబడి అంకెలు గుసగుసగా చెప్తే తిరిగి చెప్పల్ల. ఎడమ చెవిలో ఏమీ వినపడలేదంట. మెషీన్ల మధ్య పని, చెవులు లేకుంటే ఎట్ల ఇస్తారు? లోపలికీ తీసుకోరు, పైనా తీసుకోరు. వాళ్ల నాయిన ఆఫీసు ముందర కూలబడి ఏడ్చినాడు."

గరిట నా చేతిలోనే ఉంది. "నాయినా, వాని చెవి పగలగొట్టింది నేనే" అన్నాను.

ఎలా జరిగిందో అంతా చెప్పాను. ముక్కు పట్టుకోకపోవడం కూడా చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ విన్నాడు. "మాస్టరు కొట్టమన్నాడు, కొట్టినావు. అందులో నీదేముంది? రొంత పప్పు వెయ్యి."

గది మూల రూళ్లకర్ర ఉంది. పోయి తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను. "కొట్టు నాయినా."

ఆయన నవ్వాడు. "పిచ్చిపట్టిందా? ఫస్టు క్లాసు వచ్చిందాన్ని యాలమ్మా కొట్టేది?"

నా జీవితంలో నాన్న మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. రెండో ర్యాంకు వస్తే ఎముక మీద కొట్టిన మనిషి, ఒకడి బతుకు పోగొట్టి వస్తే పప్పు వెయ్యమంటున్నాడు. కంచంలో పప్పు వేసి చెప్పులేసుకుని బయటికి నడిచాను.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ చెప్పే ఓపిక ఉండదు. ఆ అబ్బాయి మాలూరులో ఇటుక బట్టీల దగ్గర లారీలకు లోడెత్తే పనికి కుదిరాడు. మా ఊరి మారికుప్పం స్టేషన్లో పొద్దుటి రైలెక్కి పోయి వచ్చేవాడు. నాన్న కోరుకున్నట్టు నేను డాక్టరు కాలేదు, టీచరునయ్యాను. పిల్లల్ని కొట్టలేదని చెబితే అబద్ధం. చేతుల మీద కొట్టాను, వీపు మీద కొట్టాను, కోపం వస్తే నాకు కళ్లు కనపడవు. చెంప మీదికి మాత్రం ఒక్కసారీ చెయ్యి పోలేదు. అదేదో గొప్ప అని చెప్పడం లేదు.

ఆ సాయంత్రం నేరుగా కార్మికుల లైన్లకు పోయాను. ఒకదానికొకటి ఆనుకుని ఒంటిగది ఇళ్లు, మధ్యలో ఒక కొళాయి, దాని దగ్గర బిందెలతో ఆడవాళ్లు. అతని ఇంటి గడప మీద తండ్రి కూర్చుని దగ్గుతున్నాడు. లోపల అబ్బాయి గోడకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి వద్దన్నట్టు తల ఊపాడు. అర్థమైంది నాకు. అయినా ఆగలేదు.

"అప్పా, మీ పిల్లోనిది కొట్లాట కాదు" అన్నాను. "నేను కొట్టినాను."

"ఏమంటావమ్మా? గట్టిగా చెప్పు" అన్నాడు ఆయన. "మెషీన్ పట్టి పట్టి నా చెవులు ఎప్పుడో పోయినాయి."

ఇంకొకసారి చెప్పాను. ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకు వంగాడు. నేను అరిచాను. "క్లాసులో మాస్టరు కొట్టమంటే మీవాన్ని నేనే కొట్టినాను! చెవి పగిలింది నా చేతి దెబ్బకే! రోజూ కొట్టేదాన్ని!"

కొళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. అన్ని గడపల్లోనూ మనుషులు లేచి నిలబడ్డారు. ఎవరో ఒకావిడ కిసుక్కున నవ్వింది. తండ్రి నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. నా ఎత్తు ఎంత, నా చేతులు ఎంత అని చూస్తున్నట్టు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

"ఈ పాపా నిన్ను కొట్టింది?" అన్నాడు. "రోజూనా?"

అతను నేలకేసి చూశాడు.

"రోజూ ఒక ఆడపిల్ల చేత చెంపదెబ్బలు తిని, వచ్చి నా ఇంట్లో కూడు తింటివా? ఊరంతా విన్నారు గదరా!"

గోడ మేకుకు గనిలో లాంతరు తగిలించుకునే తోలు బెల్టు వేలాడుతోంది. దాన్ని అందుకున్నాడు. నేను అడ్డం పోయి చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు పక్కకు పోమ్మా, నీకు తగులుతాది" అని, ఆ కోపంలో కూడా నన్ను మర్యాదగా పక్కకు నెట్టి, కొడుకును బాదడం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు వేసి దగ్గు వచ్చి ఆగుతాడు, దమ్ము తీసుకుని మళ్లీ వేస్తాడు. వీపు మీద, భుజాల మీద, తల మీద. నేను ఏడుస్తూ, "తప్పు నాది, నన్ను కొట్టు" అని అరుస్తున్నాను. ఆయనకు వినపడదు. అబ్బాయి తప్పించుకోలేదు, ముఖం దాచుకోలేదు. రెండు చేతులూ కుడి చెవి మీద ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు, అంతే.

ఆయాసానికి తండ్రి గడప మీద కూలబడ్డాక అబ్బాయి నా వైపు చూశాడు.

"తెలిసింది చెప్పకుండా ఉండలేవా నువ్వు?" అన్నాడు.

చేతులు కుడి చెవి మీద నుంచి తీయలేదు.